తుప్పు చెప్పే వయసు నమ్మొచ్చా?

ప్రశ్న: ఈ మధ్య ఆన్‌లైన్ వేలంలో ఒక రేకు బొమ్మ కొన్నాను. మోటారు సైకిలు మీద మనిషి, పక్కన కీ. తిప్పి వదిలితే గుండ్రంగా తిరుగుతుంది. 1930ల నాటి జర్మన్ బొమ్మ అని అమ్మినాయన రాశాడు. అడుగున 'మేడ్ ఇన్ జర్మనీ' అని ఉంది, అక్కడక్కడా తుప్పు ఉంది, అట్టపెట్టె కూడా ఇచ్చాడు. ఇంటికి వచ్చాక అనుమానం మొదలైంది. అడుగు రేకు మీద గోరంత మేర రంగు గీకేసినట్టుంది. చక్రాల మధ్య చిన్న స్టార్ స్క్రూ ఉంది. పెట్టె లోపలి వైపు తెల్లగా మెరుస్తోంది. తుప్పు ఉందంటే పాతదే కదా అంటారు మావారు. ఇంకో సంగతి. మా తాతగారి పెట్టెలో డప్పు కొట్టే రేకు కుందేలు దొరికింది. దాని మీద ఏ పేరూ లేదు. లోపలికి తొంగి చూస్తే ఏదో డబ్బా మీది అక్షరాలు తలకిందులుగా కనిపిస్తున్నాయి. చవకరకం అనుకుని పక్కన పడేశాను. రెండింటి ఫోటోలూ పంపుతున్నాను. ఏది అసలు, ఏది నకలు? నాకు నేనుగా తెలుసుకోవడం ఎలా?

సమాధానం: ముందు మీవారి మాట తేల్చేద్దాం. తుప్పుకు కావలసింది తేమ. వయసుతో దానికి పని లేదు. రేకు బొమ్మ అంటే పల్చటి ఉక్కు రేకు, దాని మీద ఇంకా పల్చటి తగరం పూత, ఆపైన రంగు. పూత ఎక్కడ గీసుకుపోతే అక్కడ ఉక్కు గాలికి తగిలి తుప్పు మొదలవుతుంది. ఉప్పునీళ్లు చిలకరించి తడిగుడ్డలో చుట్టి పెడితే మొన్న చేసిన బొమ్మకైనా వారం తిరక్కుండా తుప్పు పట్టించొచ్చు. పట్టించి అమ్మేవాళ్లూ ఉన్నారు.

అయితే రెండు తుప్పులూ ఒకలా ఉండవు. ఏళ్ల తరబడి పట్టిన తుప్పు ముదురు గోధుమ రంగులో, ఇంచుమించు నల్లగా ఉంటుంది. కత్తిరించిన అంచుల దగ్గర, మడతల దగ్గర పుట్టి రంగు కింద నుంచి పాకుతూ పోతుంది. అందుకే దాని చుట్టూ రంగు బొబ్బల్లా లేచి ఉంటుంది, గోరుతో తడిమితే కింద గుంటలు తగులుతాయి. వారంలో పట్టించిన తుప్పు నారింజ రంగు పొడి. అది రంగు మీద కూర్చుని ఉంటుంది, రాస్తే వేలికి అంటుతుంది. మీ ఫోటోలో మోటారు సైకిలు ముందు చక్రం మీద, మనిషి వీపు మీద ఒకే రకంగా నారింజ మచ్చలున్నాయి. అంచులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. నిజమైన తుప్పు అంచులను వదిలిపెట్టి వీపెక్కదు.

నేనూ మొదట్లో పాతదనిపించే గుర్తులే వెతికేవాణ్ణి. వెలిసిన రంగు, సొట్ట, దుమ్ము, తుప్పు. అవన్నీ నిండుగా ఉన్న కారు ఒకటి 1920ల నాటిదంటే నమ్మి కొన్నాను. ఇంటికి తెచ్చి, టార్చిలైటు వేసి కీ రంధ్రంలోంచి చూస్తే లోపల తెల్లటి ప్లాస్టిక్ పళ్లచక్రం పలకరించింది. ఆ కారు ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది, కాగితాలు ఎగిరిపోకుండా ఆపుతుంది. ఆ రోజు నుంచి చూసే పద్ధతి మార్చుకున్నాను. పాతదనిపించే గుర్తులు పది ఉన్నా ఆ పదీ చేత్తో తెచ్చిపెట్టగలిగినవే. చెప్పిన ఏటికి ఇంకా పుట్టని వస్తువు ఒక్కటి బొమ్మలో ఉంటే మాత్రం ఇక వాదన లేదు. కాబట్టి బొమ్మ చేతికి రాగానే వెతకాల్సింది ఆ ఒక్కదాని కోసం.

మీ బొమ్మలో అలాంటిది ఉండనే ఉంది. ఆ స్టార్ స్క్రూ. ప్లస్ ఆకారంలో గాడి ఉండే ఈ స్క్రూకు హెన్రీ ఫిలిప్స్ పేటెంట్లు వచ్చింది 1936లో, అమెరికాలో. మొదట వాడింది కార్ల కర్మాగారాలు. ఆ రోజుల్లో పిల్లలు ఆడుకునే జర్మన్ రేకు బొమ్మలోకి అది వచ్చి పడిందంటే నమ్మశక్యం కాదు. అసలు ఆ కాలపు రేకు బొమ్మలకు స్క్రూలతో పెద్దగా పనే ఉండేది కాదు. ఒక భాగం అంచున చిన్న చిన్న రేకు నాలుకలు ఉంటాయి. వాటిని రెండో భాగంలోని చీలికల్లోంచి దూర్చి, అవతల వైపు మడిచేస్తారు. అంతే, బొమ్మ నిలబడిపోతుంది. అంతకంటే పాతవైతే టంకం వేసి అతికేవాళ్లు.

ఇక్కడ ఒక మాట న్యాయంగా ఒప్పుకోవాలి. ఎప్పుడో నాలుక విరిగితే, బాగుచేసినవాడు స్క్రూ బిగించి ఉండొచ్చు. ఆ తేడా ఎలా తెలుస్తుందంటే, స్క్రూ పక్కన చీలిక గానీ విరిగిన నాలుక మొదలు గానీ కనిపిస్తుందేమో చూడండి. రంధ్రం అంచు చూడండి. ఇంట్లో డ్రిల్లుతో వేసిన రంధ్రానికి గరుకు అంచు, చుట్టూ పెచ్చులూడిన రంగు ఉంటాయి. మీ ఫోటోలో రంధ్రం చుట్టూ రేకును పళ్లెంలా లోపలికి నొక్కారు, స్క్రూ తల అందులో ఒదిగి కూర్చుంది. అది ఫ్యాక్టరీలో, అచ్చులోనే వచ్చిన గుంట. బొమ్మ ఆ స్క్రూతోనే పుట్టింది.

నాలుకల గురించి ఇంకొంచెం చెప్పాలి. ఒకసారి మడిచిన నాలుక మడతలో రంగు సన్నటి గీతలా చిట్లుతుంది. తెరిచి మళ్లీ మడిస్తే ఇంకో గీత. మూడోసారికి నాలుక చేతిలోకి ఊడి వస్తుంది. కాబట్టి నాలుకల మీద ఒకటికి మించి గీతలున్నాయంటే బొమ్మను ఎవరో విప్పారని అర్థం. లోపలి మిషను మార్చి ఉండొచ్చు, రెండు విరిగిన బొమ్మలు కలిపి ఒకటి చేసి ఉండొచ్చు. మార్కెట్లో అచ్చమైన నకళ్ల కంటే ఇలాంటి అతుకుల బొమ్మలే ఎక్కువ తికమక పెడతాయి, ఎందుకంటే ప్రతి ముక్కా విడిగా చూస్తే అసలుదే. లోపల ఏముందో చూడాలని మీరు మాత్రం నాలుకలు ఎత్తకండి. చాకుతో ఎత్తబోయి రెండు విరగ్గొట్టిన చేతులు నావి.

ఇక ఆ గీకేసిన చోటు. నాకు స్క్రూ కంటే అదే ఎక్కువ కోపం తెప్పించింది. నకలు చేయడం తప్పేమీ కాదు. స్పెయిన్‌లోని ఇబీ పట్టణపు పాయా కంపెనీ 1980ల్లో తన పాత బొమ్మలనే మళ్లీ తయారుచేసి, వరుస సంఖ్య వేసి మరీ అమ్మింది. న్యూరెంబర్గ్ కంపెనీ షూకో 1930ల్లో తెచ్చిన స్టూడియో రేసు కారు ఆ తర్వాత ఎన్నోసార్లు మళ్లీ వచ్చింది. వాళ్లు దాచలేదు. బొమ్మ మీదో పెట్టె మీదో కొత్తదని తెలిసేలా ఏదో ఒకటి ఉంటుంది. తర్వాత చేతులు మారేటప్పుడు ఎవడో ఆ ఒక్క ముక్కా గీకేసి తేదీని యాభై ఏళ్లు వెనక్కి జరుపుతాడు. అసలు పాత బొమ్మ మీద పేరు గీకే పిచ్చివాడు ఉండడు, దాని విలువంతా ఆ పేరులోనే ఉంది కదా. గదిలో లైట్లు ఆపి, టార్చిని అడుగు రేకుకు దాదాపు ఆనించి పక్కవాటంగా వెలుతురు పడేలా పట్టుకోండి. అక్షరాలు రేకులో నొక్కినవైతే గీకినా వాటి నీడ మిగిలి ఉంటుంది. ఒక్క అంకె దొరికినా మనకు చాలు.

'మేడ్ ఇన్ జర్మనీ' అన్న మాట మీకు పెద్దగా సాయపడదు. దేశం పేరు వేయాలన్న నియమం 1887లో బ్రిటన్ చట్టంతో వచ్చింది. అమెరికా 1890లో చేసిన సుంకాల చట్టం తర్వాత అక్కడికి వెళ్లే సరుకు మీదా తప్పనిసరైంది. అప్పటి నుంచి ఇప్పటిదాకా జర్మనీ సరుకు మీద ఆ మాట వస్తూనే ఉంది. దానికంటే పనికొచ్చేవి కాలానికి కట్టుబడిన మాటలు. 'యు.ఎస్. జోన్ జర్మనీ' అని ఉంటే 1945 తర్వాత అమెరికా సైన్యం అజమాయిషీలో ఉన్న కొద్ది ఏళ్ల నాటిది. 'వెస్ట్ జర్మనీ' అంటే 1949కీ 1990కీ మధ్య. 'ఆక్యుపైడ్ జపాన్' అంటే 1947 నుంచి 1952 లోపు. 'డి.ఆర్.జి.ఎం.' అన్న నాలుగు అక్షరాలు జర్మన్ నమూనా రిజిస్ట్రేషను గుర్తు, 1891కి ముందు అది లేదు. అమెరికన్ బొమ్మల్లో గుండ్రటి గీతలో 'మార్' అన్న అక్షరాల మీద పెద్ద ఇంటూ గుర్తు కనిపిస్తే అది లూయీ మార్క్స్ కంపెనీ. ఆ కంపెనీ పుట్టిందే 1919లో, కాబట్టి దాన్ని 1910 నాటిదని అమ్మేవాడికి దండం పెట్టి వచ్చేయొచ్చు.

పేటెంటు తేదీల దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. బ్రాండెన్‌బర్గ్‌లో 1881లో మొదలైన లేమన్ కంపెనీ బొమ్మల మీద పేటెంటు తేదీలు వరుసగా అచ్చేసి ఉంటాయి. 1903 అని కనిపించగానే బొమ్మ 1903లో తయారైందనుకుంటారు. ఆ తేదీకి అర్థం, బొమ్మ అంతకు ముందుది కాదని మాత్రమే. అదే బొమ్మను తర్వాత ఇరవై ముప్పై ఏళ్లు చేసి ఉండొచ్చు. నకలు చేసినవాడు అసలు బొమ్మను అచ్చుగుద్దినట్టు దించితే ఆ తేదీ కూడా దానితోపాటే దిగిపోతుంది.

అన్నిటికంటే నాకు ఇష్టమైన పరీక్ష అచ్చు. పదింతలు పెద్దగా చూపే భూతద్దం ఒకటి కొనుక్కోండి, ఈ పనికి అంతకంటే ఖరీదైన సామాను అక్కర్లేదు. 1875లో ఇంగ్లండ్‌లో రాబర్ట్ బార్క్లే రేకు మీద ఆఫ్‌సెట్ అచ్చు వేసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. రేకు చదునుగా ఉండగానే రంగులన్నీ అచ్చేసి, ఆ తర్వాత ప్రెస్సులో నొక్కి ఆకారం తెప్పించడం అప్పటి నుంచే ఊపందుకుంది. పాత పద్ధతిలో ఒక్కో రంగునూ విడివిడిగా అచ్చేసేవాళ్లు. బుగ్గ మీద ఎరుపు కావాలంటే నిపుణుడు చేత్తో చుక్కలు పెట్టేవాడు. భూతద్దంలో ఆ చుక్కలు చిన్నా పెద్దా, దగ్గరా దూరమూ, ఇసుక చల్లినట్టు ఉంటాయి. కనుబొమ గీత ఒకే సిరా, అంచు పదునుగా ఉంటుంది. చాలా నకళ్లు అసలు బొమ్మను ఫోటో తీసి చేసినవి. అందులో నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు ఒకే కొలతలో, బారులు తీరి, చిన్న చిన్న పువ్వుల్లా అల్లుకుని కనిపిస్తాయి. ఫోటో మీద ఫోటో పడిన గీత అంచులు పాకిపోతాయి. మీ మోటారు సైకిలు నంబరు పలకనే చూడండి. ఎనిమిదిలో రెండు సున్నాలూ పూడుకుపోయాయి. అసలు అచ్చులో అంత చిన్న అంకె కూడా విచ్చుకుని ఉంటుంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి బొమ్మల్లో అసలువాటికి కూడా ఇలా చుక్కల అచ్చు ఉన్నవి ఉన్నాయి, ముఖ్యంగా కారు కిటికీల్లో మనుషుల ముఖాలు. కాబట్టి చుక్కలు కనిపించగానే 1955 నాటి బొమ్మను తోసిపుచ్చకండి. 1930ల నాటిదని చెప్పిన బొమ్మ ముఖం నిండా నాలుగు రంగుల పువ్వులుంటే మాత్రం అనుమానించాల్సిందే.

రంగు వెలిసిందా, వెలిసేలా చేశారా అన్నది తెలుసుకోవడానికి వెలుతురు పడని చోటు చూడాలి. మనిషి తొడ సీటుకు ఆనిన చోటు, నాలుక మడిచిన లోపలి వైపు, చక్రం వెనక దాగిన రేకు. నిజంగా దశాబ్దాలు వెలుతురులో ఉన్న బొమ్మకు బయటి ఎరుపు పాలిపోయి, దాగిన చోట మాత్రం నిన్న అచ్చేసినంత ఎర్రగా ఉంటుంది. లోపలా బయటా ఒకే మోతాదులో మాసిపోయి ఉంటే ఆ మాపు పూసిందే. దూది పుల్లను కొద్దిగా తడిపి, కనిపించని మూల ఒక్కసారి అద్దండి. పూసిన మాపైతే పుల్లకు గోధుమ రంగు దిగుతుంది. థిన్నరు, స్పిరిటు మాత్రం దగ్గరికి రానివ్వకండి, అసలు అచ్చు కూడా వాటికి కరిగిపోతుంది.

అరుగుదలకూ ఒక న్యాయం ఉంటుంది. పిల్లలు ఆడుకున్న బొమ్మకు కీ చుట్టూ గుండ్రటి గీతలు పడతాయి, చక్రాల అంచున రంగు పోతుంది, పట్టుకునే చోట మెరుపు తగ్గుతుంది. రబ్బరు టైర్లుంటే గట్టిపడి పగుళ్లిస్తాయి, నిలబెట్టిన వైపు చదునవుతాయి. వీపు నిండా సొట్టలుండి చక్రాలు మాత్రం కొత్త పెళ్లికొడుకులా ఉంటే ఆ బొమ్మ ఆటలో దెబ్బతినలేదు, సుత్తి దెబ్బ తిన్నది. కీ ఒక్కదాన్నీ పట్టించుకోకండి. అన్నిటికంటే ముందు పోయేది కీయే, అసలు బొమ్మల్లో సగానికి ఇప్పుడున్నది సవతి కీ.

పెట్టె మీద ఎక్కువసేపు ఆగను. పాత అట్ట లోపలి వైపు బూడిద రంగులోనో గడ్డి రంగులోనో గరుకుగా ఉంటుంది. తెల్లగా మెరిసే పూత కొత్త కాలపుది. నోట్లు పరీక్షించే నీలి లైటు కింద పెడితే కొత్త కాగితం నీలంగా వెలుగుతుంది, అందులో తెల్లదనం కోసం కలిపే రసాయనం అలాంటిది. యుద్ధానికి ముందటి కాగితం వెలగదు. గీతల బార్‌కోడు 1974కి ముందు దుకాణాల్లో లేనే లేదు. పసిపిల్లలకు ఇవ్వకండి, చిన్న భాగాలున్నాయి అన్న హెచ్చరిక కూడా ఇటీవలి కాలపుదే. మీ పెట్టె పక్క గోడ మీద ఒక స్టిక్కరు పీకిన మచ్చ ఉంది, బహుశా అక్కడ ఇలాంటిదే ఏదో ఉండేది.

అన్నీ కలిపి చూస్తే మీ మోటారు సైకిలు నకలేనని నా నమ్మకం. వేలం గడువు దాటకముందే స్క్రూ, నంబరు పలక, గీకిన చోటు దగ్గరగా ఫోటోలు తీసి, 1930ల బొమ్మలో ఈ స్క్రూ ఎలా వచ్చిందో చెప్పమని అమ్మినాయనకు మర్యాదగా రాయండి. మోసం అన్న మాట వాడకండి. ఆయన కూడా ఇంకొకరి దగ్గర మోసపోయి ఉండొచ్చు. పైగా ఆ మాట వినగానే డబ్బు వెనక్కిచ్చేవాడు కూడా మొండికేస్తాడు.

ఇప్పుడు మీరు పక్కన పడేసిన కుందేలు. అయ్యో, దాన్ని ముందు అక్కడి నుంచి తీసి పొడిచోట పెట్టండి.

యుద్ధం అయిపోయాక జపాన్‌లో కొత్త రేకు దొరికేది కాదు. ఖాళీ డబ్బాలు ఏరి, కోసి, చదును చేసి, వెనక వైపు కొత్త బొమ్మ అచ్చేసి వాడుకున్నారు. 1945 ఆఖరులో ఒట్సులో కోసుగే అనే ఆయన అలాంటి రేకుతోనే చిన్న జీపు బొమ్మ చేస్తే పక్కనున్న క్యోటోలో జనం ఎగబడి కొన్నారు. జపాన్ బొమ్మల పరిశ్రమ మళ్లీ లేచి నిలబడింది అలాంటి డబ్బా రేకు మీదే. అందుకే ఆ కాలపు బొమ్మల పొట్టలో తలకిందులుగా ఒక అక్షరం, సగం తెగిన ఒక గుర్తు కనిపిస్తే సేకరించేవాళ్ల కళ్లు మెరుస్తాయి. మీరు అన్నట్టు అది చవకరకమే. చవకగా చేసినందుకే ఆ డబ్బా అక్కడ ఉంది.

అలాగని ఇప్పుడే సంబరపడకండి. పాత డబ్బాలతో బొమ్మలు చేసే చేతిపనివాళ్లు ఈ రోజుల్లోనూ ఉన్నారు. కుందేలు నాలుకలు మీ ఫోటోలో ఒక్కసారే మడిచినట్టున్నాయి, చెవి వెనక రంగు ముందు వైపు కంటే ముదురుగా ఉంది, రెండూ మంచి శకునాలే. పేరు లేదన్నారు గానీ, జపాన్ కంపెనీలు పేరు మొత్తం వేసేవి కావు, వజ్రంలోనో గుండ్రంలోనో రెండు పొడి అక్షరాలు పెట్టేవి. టి.ఎం. అంటే మసుదయా, టి.ఎన్. అంటే నోమురా, కె.ఓ. అంటే యోషియా. అవి పాదాల కింద, తోక పక్కన, డప్పు వెనక నక్కి ఉంటాయి.

కీ తిప్పి చూడాలని చెయ్యి లాగుతుంది, నాకు తెలుసు. లోపలి నూనె ఎండి జిగురై ఉంటుంది, బలవంతంగా తిప్పితే చక్రం పన్ను విరుగుతుంది. సగం చుట్టు తిప్పి వదలండి, కదలకపోతే ఆపేయండి. పాత రంగుల్లో సీసం ఉంటుంది కాబట్టి ఇంట్లో పసివాళ్లుంటే అందనివ్వకండి, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. పొడి మెత్తటి గుడ్డ తప్ప ఇంకేదీ వాడకండి.

పాదాల కిందా డప్పు వెనకా రెండు ఫోటోలు తీసి పంపండి. డప్పు ఊడదీయకుండా, పక్క నుంచి టార్చి వేసి. ఆ డబ్బా అక్షరాలు కూడా కనిపించేలా లోపలికి టార్చి వేసి ఒక ఫోటో తీస్తే, అందులో ఒకప్పుడు ఏముండేదో చదవడానికి ప్రయత్నిస్తాను.